వాసా మోడల్: మ్యూజియంలో ఎరుపు, నాది నీలం. మళ్లీ రంగు వేయాలా?

చెక్కనావ_రాజమండ్రి
మూడేళ్లుగా వాసా చేస్తున్నాను. స్వీడన్ వాళ్ల యుద్ధనౌక, 1628లో మొదటి ప్రయాణంలోనే మునిగిపోయింది చూడండి, అదే. కిట్ కాదు, పట్టీ పట్టీ నేనే కోసుకున్నాను. 1:50 స్కేలు. ముందుకు పొడుచుకొచ్చే కొయ్యతో కలిపి 1 మీటరు 38 సెంటీమీటర్లు వచ్చింది. హాల్లో పెట్టాక టీవీ వంటింటి గోడకి మారింది.

మొదలుపెట్టినప్పుడు నా దగ్గరున్నవి పాత బొమ్మలు. వాటిలో ఓడ వెనక భాగమంతా నీలం, దాని మీద బొమ్మలన్నీ బంగారు రంగు. అలాగే వేశాను. వెనక పలక ఒక్కదానికే నాలుగు నెలలు పట్టింది. పోయిన వారం ఒక ఫ్రెండ్ స్టాక్‌హోమ్ వెళ్లి మ్యూజియంలో ఉన్న 1:10 మోడల్ ఫొటోలు పంపాడు. ఎర్రగా ఉంది! బొమ్మలకి ఒంటిరంగు, ఆకుపచ్చ, పసుపు, అన్నీ ఉన్నాయి. బంగారం అక్కడక్కడే.

రెండు రోజులుగా నిద్ర లేదు. ఆ మ్యూజియం మోడల్‌ని ఎంతవరకు నమ్మొచ్చు? అసలు ఓడ నల్లగా ఉంది కదా, రంగు వాళ్లకెలా తెలిసింది? నేను మళ్లీ వేయాలా?

ఉలి_సుత్తి
నాలుగు నెలల పనా? ముట్టుకోవద్దు. అందంగా ఉంటే చాలు.

చరిత్రపిచ్చి
పైన అన్న మాట నేను ఒప్పుకోను. మూడేళ్లు కూర్చుని పట్టీ పట్టీ కోసిన మనిషి "అందంగా ఉంటే చాలు" అనుకునే మనిషి కాదు.

నీలం ఎక్కడినుంచి వచ్చిందంటే, 1961లో ఓడని పైకి తీసినప్పుడు రంగు దాదాపు మిగల్లేదు. 333 ఏళ్లు బురదలో ఉంది. రాజుగారి ఓడ కాబట్టి నీలం, బంగారం ఉండి ఉంటాయని అప్పటివాళ్లు ఊహించారు. చాలాకాలం అన్ని బొమ్మల్లోనూ అదే వచ్చింది. తర్వాత, ముఖ్యంగా 1990లలో, చెక్కడాల సందుల్లో మిగిలిన రంగు పొరల్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. అప్పుడు తేలింది వెనకాల రంగు ఎరుపని, బొమ్మలకి సహజమైన రంగులు వేశారని. అది ఊహ కాదు, చెక్కలో దొరికిన ఆధారం.

చెక్కనావ_రాజమండ్రి
అంటే నాది తప్పన్నమాటే.

కోరంగి_పిల్ల
తప్పు అనకండి. మీరు చేసింది 1960ల నాటి వాసా. మ్యూజియం వాళ్లది ఇప్పటి వాసా. అసలు వాసా ఎవరి దగ్గరా లేదు.

హైదరాబాదీ_7
అసలు ఓడ మొత్తం మ్యూజియంలనే ఉంది కదా అక్కా, 98 శాతం అసలు చెక్క అంటరు. ఎవరి దగ్గరా లేదంటరేంది?

కోరంగి_పిల్ల
చెక్క ఉంది తమ్ముడూ. ఆ రోజు రేవు నుంచి బయల్దేరినప్పుడు జనం చూసిన రూపం లేదు అన్నాను. రంగు లేదు, పై తెరచాపలు లేవు, పొడవాటి కొయ్యల పైభాగం లేదు. ఎత్తు ఎంత ఉండేదో చూపించడానికి మ్యూజియం కప్పు మీద బయట ఉత్తుత్తి కొయ్యలు నిలబెట్టారు. ఓడ హాల్లో ఉంది, ఎత్తు కప్పు మీద ఉంది, రంగు మోడల్ మీద ఉంది. మూడూ కలిపి మన బుర్రలోనే చూసుకోవాలి.

స్టాక్‌హోమ్_తెలుగోడు
నేనుండేది ఇక్కడే. ఇండియా నుంచి ఎవరొచ్చినా ముందు అక్కడికే తీసుకెళ్తాను, ఇప్పటికి పదకొండు సార్లు అయింది. ఆదివారం మళ్లీ వెళ్తాను, మోడల్ దగ్గర నిలబడి చూసి రాస్తాను. ఏం చూడాలో చెప్పండి.

ఒక మాట మాత్రం ఇప్పుడే చెప్తాను. లోపలికి అడుగుపెట్టగానే చీకట్లో ఆ నల్లటి ఓడ మీద పడ్డట్టు కనిపిస్తుంది. మా అమ్మ మొదటిసారి చూసి చేతులు జోడించింది. తర్వాత పక్కనున్న రంగుల మోడల్ చూసి "ఇదేంట్రా, తిరనాళ్ల రథంలా ఉంది, రెండూ ఒకటేనా?" అంది. నాకూ మొదట్లో అదే అనిపించింది. పెద్దది గంభీరంగా ఉంది, చిన్నది ఇంత ఆర్భాటమేంటి అని.

చరిత్రపిచ్చి
మీ అమ్మగారు సరిగ్గా పట్టుకున్నారు. రథమే అది. 1620లలో యుద్ధనౌక అంటే రాజు ఊరేగింపు. శత్రువు దూరం నుంచి చూసి ఇది ఎవరి ఓడో, ఆ రాజు ఎంతటివాడో తెలుసుకోవాలి. మన గుడి గోపురాలకి రంగులెందుకు వేస్తారో వాళ్లూ అందుకే వేశారు. సుమారు 500 బొమ్మలు, అవి కాక ఇంకో 200 దాకా చిన్న చెక్కడాలు. ముందు ముక్కు మీద దూకుతున్న సింహం. పక్కన రోమన్ చక్రవర్తుల వరస. వెనకాల పైన చిన్నపిల్లాడి రూపంలో గుస్టావ్ అడాల్ఫ్ రాజు, రెండు పక్కలా గద్ద తల, సింహం ఒళ్లు ఉండే గ్రిఫిన్‌లు కిరీటం పట్టుకుని ఉంటాయి.

ఇంకోటి, తెలుగువాళ్లకి నచ్చే సంగతి. ఆ రాజవంశం పేరే వాసా. వాళ్ల గుర్తు ఏంటో తెలుసా, ధాన్యపు పన. మన పొలంలో కోత కోసి కట్టే పనే. ఓడ వెనక పలక మీద అది కూడా చెక్కి ఉంది.

ఉలి_సుత్తి
పన! ఇది నాకు తెలియదు. రాజమండ్రి అన్నా, నీ మోడల్లో పన చెక్కావా?

చెక్కనావ_రాజమండ్రి
చెక్కాను, కానీ కుండీ అనుకుని చెక్కాను! ఇప్పుడు ఫొటో పెద్దది చేసి చూస్తే పన అని తెలుస్తోంది. అది కూడా మార్చాలి.

కెమిస్ట్రీ_మేడమ్
ఓడ ఎందుకు నల్లగా ఉందో ఎవరూ చెప్పలేదు. ఓక్ చెక్కలో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది. ఓడలో వేలకొద్దీ ఇనుప బోల్టులు ఉన్నాయి, అవి నీళ్లలో తుప్పుపట్టాయి. ఇనుము, టానిన్ కలిస్తే నలుపు. కరక్కాయ పొడి, ఇనుము కలిపి పూర్వం సిరా చేసేవారు కదా, అదే రసాయనం. అంటే ఆ నలుపు ఓడ రంగు కాదు, సముద్రం వేసిన రంగు. "అసలు ఓడ నల్లగా ఉంది కదా" అని మోడల్‌ని అనుమానించక్కర్లేదు.

పైకి తీశాక చెక్క ఎండిపోయి ముడుచుకోకుండా 1962 నుంచి 1979 దాకా 17 ఏళ్లు పాలీఇథైలీన్ గ్లైకాల్ చల్లారు. మన క్రీముల్లో వాడే మైనం లాంటి పదార్థమే. చెక్కలోని నీటి జాగాలోకి అది చేరి గట్టిపడుతుంది. దాని మెరుపు కూడా కలిసి ఆ ముదురు రంగు వచ్చింది.

కొత్తగా_చేరా
సముద్రంలో 333 ఏళ్లు చెక్క ఎలా మిగిలింది? మా ఊళ్లో పడవ అయిదేళ్లకే పుచ్చిపోతుంది.

కోరంగి_పిల్ల
దీనికి నేను చెప్పగలను, మా తాత కోరంగి దగ్గర పడవలు కట్టేవాడు. మన సముద్రంలో చెక్క తినే ఓడ పురుగు ఉంటుంది. అందుకే మనవాళ్లు అడుగున గుగ్గిలం, నూనె కలిపి దట్టంగా పట్టిస్తారు. ఆ పురుగుకి ఉప్పు బాగా కావాలి. స్టాక్‌హోమ్ చుట్టూ ఉన్న బాల్టిక్ నీళ్లలో ఉప్పు చాలా తక్కువ, పురుగు బతకదు. పైగా చలి, పైగా అడుగున గాలి ఆడని బురద. అందుకే మిగిలింది. అదే ఓడ మన కాకినాడ దగ్గర మునిగి ఉంటే ఇప్పుడు ఫిరంగులు తప్ప ఏమీ మిగిలేవి కావు.

పాతనావికుడు
ఫిరంగులు కూడా మిగిలేవి కావమ్మా. వాసా మీదివే చాలావరకు 1660లలోనే తీసేశారు. గంట ఆకారంలో ఉన్న డబ్బా కింద మనిషిని నిలబెట్టి దింపేవారు, అందులో చిక్కుకున్న గాలే వాడికి ఊపిరి. 32 మీటర్ల లోతు, చీకటి, గడ్డకట్టే నీళ్లు. అలా 50కి పైగా ఫిరంగులు లాగారు. నేను నేవీలో ఉండగా ఇప్పటి డైవింగ్ సామానుతో అందులో సగం లోతుకి వెళ్తేనే ఒళ్లు జలదరించేది. వాళ్లకి దండం పెట్టాలి.

హైదరాబాదీ_7
ఫిరంగులు ఎక్కువైనయ్, బరువుకు మునిగింది. గంతే కదా కథ? 64 ఫిరంగులట.

పాతనావికుడు
అందరూ అదే అంటారు, అంత తేలిక కాదు. ఫిరంగుల బరువు మొత్తం ఓడ బరువులో చిన్న వంతు. అసలు లోపం చెక్కలోనే ఉంది. నీటి గీతకి పైన ఉన్న భాగాన్ని మరీ ఎత్తుగా, మరీ బరువుగా కట్టారు. నిలకడ కోసం అడుగున సుమారు 120 టన్నుల రాళ్లు వేశారు, చాలలేదు. ఇంకా వేద్దామంటే ఓడ కిందికి దిగి, కింది వరస ఫిరంగి కిటికీలు నీళ్లకి మరీ దగ్గరవుతాయి. ఎటు చూసినా ఇరుకే.

బయల్దేరకముందే తెలుసు కూడా. 30 మందిని డెక్కు మీద ఈ పక్క నుంచి ఆ పక్కకి పరిగెత్తించారు. మూడుసార్లు పరిగెత్తేసరికి ఓడ ఎంత ఊగిందంటే, అడ్మిరల్ ఇక చాలు ఆపమన్నాడు. అయినా పంపారు. రాజు దూరంగా పోలండ్‌తో యుద్ధంలో ఉండి తొందరపెడుతున్నాడు, వద్దని ఆయనకి చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఓడ కట్టిన పెద్ద మేస్త్రి హెన్రిక్ హైబర్ట్సన్ ఏడాది ముందే చనిపోయాడు. 1628 ఆగస్టు 10. సుమారు 1300 మీటర్లు వెళ్లింది. ఒక గాలి కొట్టింది, వాలింది, లేచింది. ఇంకో గాలి. ఈసారి కింది కిటికీల్లోంచి నీళ్లు. సుమారు 30 మంది పోయారు. విచారణ జరిగింది, ఎవరికీ శిక్ష పడలేదు.

నేను ఓడల్లో పాతికేళ్లు పనిచేశాను. ఆ 30 మంది పరుగు సంగతి చదివిన ప్రతిసారీ కోపం వస్తుంది. అందరూ చూశారు. అందరూ ఊరుకున్నారు.

కొత్తగా_చేరా
ముందే ఒక మోడల్ చేసి నీళ్లలో వదిలి చూస్తే తెలిసేది కదా?

లెక్కల_మాష్టారు
చాలా మంచి ప్రశ్న. కొంచెం పెద్ద జవాబు రాస్తాను, ఓపిగ్గా చదవండి.

స్కేలు 1:10 అంటే పొడవు పదో వంతు. తెరచాప విస్తీర్ణం వందో వంతు. బరువు వెయ్యో వంతు. వాసా బరువు సుమారు 1200 టన్నులు. కాబట్టి మ్యూజియంలోని దాదాపు 7 మీటర్ల మోడల్ నీళ్లలో అసలు ఓడలాగే తేలాలంటే 1.2 టన్నులు తూగాలి. మన రాజమండ్రి మిత్రుడి 1:50 మోడల్ అయితే లక్షా పాతిక వేలో వంతు, అంటే పది కిలోల లోపు. బరువు ఒక్కటే సరిపోదు, అది ఏ ఎత్తులో ఉందో కూడా అదే నిష్పత్తిలో రావాలి. అలా కుదిరితే అసలు ఓడ ఎంత కోణానికి పడిపోతుందో మోడల్ కూడా అంతే కోణానికి పడిపోతుంది. ఇది నిజంగా చేయొచ్చు.

గాలి మాత్రం పదో వంతు కాదు. పదికి వర్గమూలం 3.16. గాలి వేగం 3.16 రెట్లు తగ్గించాలి. మోడల్ ఊగడం కూడా 3.16 రెట్లు తొందరగా ఊగుతుంది. పాత సినిమాల్లో తొట్టిలో బొమ్మ ఓడ పెట్టి తుఫాను తీస్తే మనకి వెంటనే తెలిసిపోయేది అందుకే, ఊపు మరీ చురుగ్గా ఉంటుంది. కెమెరా వేగం పెంచి తీస్తే కొంత నమ్మేట్టు వస్తుంది.

మరి 1628లో ఎందుకు చేయలేదు? ఈ లెక్కలు అప్పటికి పుట్టలేదు. ఓడ నిలకడకి లెక్క కట్టే పద్ధతి ఫ్రాన్సులో బుగే 1746లో రాశాడు. మోడల్‌ని తొట్టిలో లాగి ఫలితాన్ని పెద్ద ఓడకి ఎలా వర్తింపజేయాలో ఇంగ్లండులో విలియం ఫ్రూడ్ 1870లలో తేల్చాడు. హైబర్ట్సన్ నాటికి ఉన్నది అనుభవం, కొన్ని నిష్పత్తులు, అంతే. కాగితం మీద పూర్తి ప్లాను కూడా ఉండేది కాదు.

కోరంగి_పిల్ల
మాష్టారూ, ఈ చివరి మాట చదివి కాసేపు ఆగిపోయాను. మా తాతకీ ప్లాను ఉండేది కాదు. వెన్ను దూలం పరిచాక అడుగుజాడలతో కొలిచేవాడు, పక్క చెక్కలు కంటితోనే వంపు చూసి కోయించేవాడు. ఎవరైనా కాగితం అడిగితే తన కన్ను చూపించేవాడు. ఆయన కట్టిన పడవ ఒక్కటీ పడిపోలేదు. కానీ ఒక్కసారి కూడా తనకి అలవాటు లేని సైజు ఒప్పుకోలేదు. రెండింతలు పెద్దది కట్టమని ఒకాయన డబ్బు సంచితో వస్తే, "అంత పెద్దది నా చేతికి తెలియదు" అని పంపేశాడు. మా అమ్మ ఇప్పటికీ చెప్తుంది.

పాతనావికుడు
ఆ మాట అనగలిగినవాడు స్టాక్‌హోమ్‌లో ఒక్కడున్నా చాలు.

ఉలి_సుత్తి
అమ్మా, మీ తాతగారి దగ్గర పని నేర్చుకోవాల్సింది.

కొలతల సంగతి వచ్చింది కాబట్టి, వాసాలో వడ్రంగుల స్కేళ్లు దొరికాయని విన్నాను. రెండు రకాలట, నిజమేనా?

చరిత్రపిచ్చి
నిజమే. స్వీడిష్ అడుగు ఒకటి, ఆమ్‌స్టర్‌డామ్ అడుగు ఒకటి. స్వీడిష్ అడుగుకి 12 అంగుళాలు, ఆమ్‌స్టర్‌డామ్ అడుగుకి 11. స్వీడన్ వాళ్లూ డచ్చి వాళ్లూ పక్కపక్కన పనిచేశారు. ఓడని అంగుళం అంగుళం కొలిస్తే ఎడమ పక్కా కుడి పక్కా సమానంగా లేవు.

ఉలి_సుత్తి
నాకు అర్థమైపోయింది. మా షెడ్డులో ఒకసారి ఇద్దరు కుర్రాళ్లు రెండు టేపులతో ఒక ద్వారబంధం కోశారు. ఒక టేపు కొక్కెం వదులై ఉంది. మూడు మిల్లీమీటర్ల తేడా. తలుపు జన్మలో సరిగ్గా పడలేదు, చివరికి మేమే డబ్బు వెనక్కి ఇచ్చాం. అది ద్వారబంధం. వీళ్లది 1200 టన్నుల ఓడ.

హైదరాబాదీ_7
మరి మ్యూజియం మోడల్ చేసినోళ్లు రెండు పక్కలూ వేరువేరుగా చేసిన్రా, సమానంగా చేసిన్రా?

చెక్కనావ_రాజమండ్రి
ఈ ప్రశ్న నా గుండెల్లో పడింది. నేనైతే సగం గీసి అద్దంలో తిప్పినట్టు రెండో సగం చేశాను. మోడల్ చేసే అందరం అలాగే చేస్తాం. అంటే నా ఓడ అసలు వాసా కంటే బాగా కుదిరింది, అదే దాని లోపం.

స్టాక్‌హోమ్_తెలుగోడు
వెళ్లొచ్చాను. రెండు గంటలు మోడల్ దగ్గరే ఉన్నాను. గార్డు నా వైపు రెండుసార్లు చూశాడు.

ఎరుపు గురించి. వెనక భాగమంతా ఎరుపే. ముఖాలకి ఒంటిరంగు, జుట్టుకి జుట్టు రంగు, బట్టలకి బట్టల రంగులు. ఒక్కో బొమ్మ ఒక్కో మనిషిలా తెలుస్తోంది. నల్లటి అసలు ఓడ మీద అవే బొమ్మలు చూస్తే గుంపుగా ముడతలు పడ్డ చెక్కలా కనిపిస్తాయి. మోడల్ చూసి, మళ్లీ ఓడ చూశాను. అప్పుడు ఒక్కొక్కరూ విడిగా కనిపించారు. పదకొండుసార్లు వెళ్లినా నాకు ఇది తెలియలేదు.

ఎడమ కుడి తేడా కంటితో పట్టలేకపోయాను, కాబట్టి దానికి జవాబు నా దగ్గర లేదు.

ఇంకో విషయం చూశాను, ఇది మీరెవరూ అడగలేదు. మోడల్ మీద తెరచాపలన్నీ విప్పి ఉన్నాయి. గాలి నిండి, నిండుగర్భిణిలా ఉంది ఓడ. పక్కన రాసింది చదివితే, ఆ రోజు వాసా పదింటిలో నాలుగే తెరచాపలు విప్పింది. మిగతా ఆరు సామాన్ల గదిలో మడతపెట్టే ఉన్నాయి, బురదలోంచి తీశారు. అంటే మోడల్ చూపిస్తున్న దృశ్యం భూమ్మీద ఎప్పుడూ జరగలేదు. వాసా ఒక్కరోజు కూడా అలా వెళ్లలేదు.

అది చదివి అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాను.

కోరంగి_పిల్ల
చదువుతుంటే నాకూ అలాగే అయింది.

పాతనావికుడు
మోడల్ అంటే అదే బాబూ. కట్టినవాళ్లు ఏమనుకున్నారో అది చూపిస్తుంది. ఏం జరిగిందో పక్కనున్న నల్ల ఓడ చూపిస్తుంది.

లెక్కల_మాష్టారు
నాకు ఇక్కడే ఇబ్బంది. జరగని దాన్ని పిల్లలకి చూపించి "వాసా ఇలా ఉండేది" అనడం సరైనదేనా? మా స్కూల్లో సౌరకుటుంబం మోడల్ ఉంది. గ్రహాలన్నీ అంగుళం అంగుళం దూరంలో ఉంటాయి. ముప్ఫై ఏళ్లుగా ప్రతి బ్యాచికీ "ఇది నిజం దూరం కాదు" అని చెప్తూనే ఉన్నాను, అయినా పరీక్షలో అలాగే గీస్తారు. కళ్లతో చూసింది మాటకంటే గట్టిగా నిలబడిపోతుంది.

చరిత్రపిచ్చి
మాష్టారూ, మోడల్ లేకపోతే పిల్లలు నల్ల ఓడే చూస్తారు. "పూర్వం ఓడలు నల్లగా ఉండేవి" అనుకుంటారు. అది ఇంకా పెద్ద తప్పు కదా. పైగా అసలు ఓడ లోపలికి ఎవర్నీ పంపరు. మన వైజాగ్ ఆర్కే బీచ్‌లో కుర్సురా జలాంతర్గామి లోపల తల వంచుకుని నడవొచ్చు. ఇక్కడ అది కుదరదు, చెక్క తట్టుకోలేదు. అందుకే లోపలిదంతా మోడళ్లతో చూపిస్తారు. ఫిరంగుల డెక్కులో కొంత భాగం అసలు సైజులోనే మళ్లీ కట్టి పెట్టారు.

లెక్కల_మాష్టారు
మోడల్ వద్దనలేదు. ఏది దొరికిన ఆధారం, ఏది అంచనా అన్నది మోడల్ మీదే తెలిసేట్టు ఉండాలి అన్నాను. కాగితం మీద లెక్క చేసేటప్పుడు "అనుకుందాం" అని రాస్తాం కదా, అలాగ.

కెమిస్ట్రీ_మేడమ్
మాష్టారితో ఏకీభవిస్తాను. రంగు పొర దొరికిన బొమ్మలున్నాయి, ఏమీ దొరకని బొమ్మలూ ఉన్నాయి. మోడల్ మీద రెండూ ఒకేలా మెరుస్తాయి.

ఇంకో సంగతి. బొమ్మల్ని పట్టి ఉంచిన ఇనుప మేకులు తుప్పుపట్టి అవన్నీ ఊడి బురదలో పడిపోయాయి. విడి చెక్క ముక్కలే సుమారు 14,000 దొరికాయి. మేకు రంధ్రాలు చూసి ఏ బొమ్మ ఎక్కడిదో పోల్చుకుంటూ పేర్చారు. పెట్టె మీద బొమ్మ లేకుండా పజిల్ పేర్చడమే. కాబట్టి మ్యూజియం వాళ్లని తక్కువ చేయను. వాళ్ల పని చూసి నాకు గౌరవం పెరిగింది.

ఉలి_సుత్తి
14,000 ముక్కలు! నేను మొదట "అందంగా ఉంటే చాలు" అన్నాను కదా. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. రాజమండ్రి అన్నా, మార్చు.

హైదరాబాదీ_7
నేను మార్చొద్దంట. నీలం కూడా ఒక కాలంల జనం నమ్మిందే. కింద పలక మీద "1960ల అంచనా ప్రకారం రంగులు" అని రాసి పెట్టు. మాష్టారు అడిగింది గదే కదా.

కొత్తగా_చేరా
రంగే వద్దు, ఉత్త చెక్క బాగుంటుంది. పూర్వం ఇంగ్లండు నౌకాదళం వాళ్లు చేయించుకున్న మోడళ్లకి పక్క పలకలు కూడా వేయకుండా ఎముకల గూడులా వదిలేసేవారు. చూడ్డానికి ఎంత బాగుంటాయో.

చరిత్రపిచ్చి
అవి అధికారులకి ఓడ నిర్మాణం చూపించడానికి, ఎక్కువగా 1:48. ఆ పని వేరు. స్వీడన్‌లో కూడా కార్ల్స్‌క్రోనా ఊళ్లో 1752లో రాజు ఆజ్ఞతో మోడళ్ల గది ఒకటి పెట్టారు, ఓడలు కట్టేవాళ్లు చూసి నేర్చుకోవడానికి. వాసా నుంచి స్వీడన్ నేర్చుకున్నది అదేనేమో అనిపిస్తుంది నాకు, రుజువు చేయలేను.

చెక్కనావ_రాజమండ్రి
అందరివీ నాలుగైదుసార్లు చదివాను. మా అమ్మాయికి కూడా చదివి వినిపించాను, ఎనిమిదో తరగతి. తను అడిగింది: "నాన్నా, మునిగిపోయిన రోజు చేస్తున్నావా, మునగని ఓడ చేస్తున్నావా?" నా దగ్గర జవాబు లేదు. ఒక వారం చెక్క ముట్టుకోలేదు.

ఉలి_సుత్తి గారూ, ఒక సాంకేతిక ప్రశ్న. అక్రిలిక్ రంగు మీద నేరుగా ఎరుపు వేస్తే నీలం కింద నుంచి కొడుతుందా? గీకితే చెక్కడాల అంచులు పోతాయని భయం.

ఉలి_సుత్తి
గీకొద్దు. ఎమరీ పేపరు చెక్కడాల మీదికి అసలు పోనివ్వకు. ముందు బూడిదరంగు ప్రైమరు పల్చగా ఒక పూత, పూర్తిగా ఆరనివ్వు, తర్వాత ఎరుపు రెండు మూడు పల్చటి పూతలు. దట్టంగా ఒకటే వేస్తే ముఖాలు పూడిపోతాయి. ముందు పనికిరాని ముక్క మీద వేసి చూడు. పన మళ్లీ చెక్కాలంటే పొణికి చెక్క పంపుతాను, కొండపల్లి బొమ్మలకి వాడేదే. మెత్తగా ఉంటుంది, ఉలికి చెప్పినట్టు వింటుంది.

చెక్కనావ_రాజమండ్రి
(రెండున్నర నెలల తర్వాత)

ఎవరైనా ఇంకా చూస్తుంటారో లేదో. ఇక్కడిదాకా వచ్చాను.

వెనక పలక ఎరుపు అయింది. బొమ్మలకి స్టాక్‌హోమ్ మిత్రుడు పంపిన ఫొటోలు చూస్తూ రంగులు వేశాను. ఆధారం ఉందని ఎక్కడైనా చదివితే నిండు రంగు, లేకపోతే అదే రంగు కొంచెం వెలిసినట్టు వేశాను. దూరం నుంచి తేడా తెలియదు, దగ్గరికి వస్తే తెలుస్తుంది. మాష్టారి "అనుకుందాం" అదే. పన కొత్తగా చెక్కాను, పొణికి చెక్క నిజంగానే మాట వింది. కుండీని పారేయలేదు, నీలం రంగుతోనే నా బల్ల మీద ఉంది.

తెరచాపలు పదీ కుట్టి పెట్టుకున్నాను, కానీ నాలుగే విప్పుతాను. ముందు కొయ్యకి రెండు, నడిమి కొయ్యకి పైది, వెనక కొయ్యది. మిగతా ఆరు మడతపెట్టి లోపల సామాన్ల గదిలో పెట్టి డెక్కు మూసేశాను. ఇక ఎవరికీ కనిపించవు. మా అమ్మాయే పెట్టింది.

స్టాక్‌హోమ్_తెలుగోడు
లోపల ఆరు ఉన్నాయని నాకు తెలుసు కదా. చాలు.

పాతనావికుడు
ఫిరంగి కిటికీలు? ఆ రోజు వందనంగా ఫిరంగులు పేల్చారు, తర్వాత కిటికీలు మూయలేదు. కింది వరస తెరిచే ఉంచు.

చెక్కనావ_రాజమండ్రి
ఎడమ పక్కవి అన్నీ తెరిచాను. కుడి పక్క తొమ్మిది మిగిలాయి. ఒక్కో కిటికీ రెక్క లోపలి వైపు సింహం ముఖం ఉంది, 1:50లో అది కందిగింజంత. రోజుకి ఒకటి అవుతోంది.

ఉలి_సుత్తి
భూతద్దం పెట్టుకుని చెయ్యి, కళ్లు జాగ్రత్త. పొణికి ఇంకో ముక్క రేపు కొరియర్ చేస్తున్నాను.